ఆర్థర్ హెరింగ్టన్

ఆర్థర్ విలియం సిడ్నీ హెరింగ్టన్ (1891 మార్చి 30 - 1970 సెప్టెంబరు 6) ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన వాహన ఇంజనీరు, పారిశ్రామికవేత్త. మామూలు ఫోర్డు ట్రక్కులను, వ్యానులను నాలుగు చక్రాలూ శక్తితో తిరిగే వాహనాలుగా మార్చడంలో ఇతడు ప్రసిద్ధుడు. ఇండియానాపోలిస్ నగరంలోని మార్మన్-హెరింగ్టన్ సంస్థ స్థాపకులలో ఒకడు. 1942లో భారతదేశానికి వచ్చిన అమెరికా సాంకేతిక బృందంలో సభ్యుడు. జీపు రూపకర్తగా ఇతనిని కొన్ని రచనలు పేర్కొంటాయి. ఆ ఘనత ఎంతవరకు ఇతనికి చెందుతుందో ఈ వ్యాసంలో వేరుగా వివరించబడింది.

బాల్యం, విద్యాభ్యాసం

హెరింగ్టన్ ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతంలో కోడెన్‌హామ్ అనే ఊరిలో జన్మించాడు. ఇతనికి అయిదేళ్ళ వయసులో కుటుంబం అమెరికాకు వలస వెళ్ళి న్యూజెర్సీ రాష్ట్రంలో స్థిరపడింది. హోబోకెన్‌లోని స్టీవెన్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఇంజనీరింగు చదివాడు. ఉద్యోగ జీవితపు తొలి దశలో హార్లే-డేవిడ్‌సన్ మోటారు సైకిళ్ళ సంస్థలో ఇంజనీరుగా పనిచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యపు మోటారు రవాణా విభాగంలో చేరాడు. సైన్యంతో అప్పుడు ఏర్పడిన సంబంధమే ఇతని తరువాతి జీవితానికి పునాది అయ్యింది. ఆ తరువాత జీవితాంతం ఇతనిని కర్నల్ హెరింగ్టన్ అని పిలిచేవారు.

నేపథ్యం

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు రణరంగపు బురద నేలలు ట్రక్కులకు కఠిన పరీక్ష పెట్టాయి. వెనుక చక్రాలు మాత్రమే తిరిగే ట్రక్కు బురదలో దిగితే, ఆ చక్రాలు ఉన్నచోటనే తిరుగుతూ గుంత తవ్వుకొని మరింత లోతుకు కూరుకుపోయేవి. బరువులో కొంత భాగం ముందు చక్రాలపై ఉన్నా, ఆ చక్రాలకు ఇంజను శక్తి అందదు కాబట్టి ఆ బరువు వల్ల లాగుడుకు ఏమీ ఉపయోగం ఉండేది కాదు. నాలుగు చక్రాలూ తిరిగే ట్రక్కులు అప్పటికే లేకపోలేదు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఎఫ్.డబ్ల్యు.డి. సంస్థ, జెఫ్రీ సంస్థ అటువంటి ట్రక్కులను తయారుచేసి యుద్ధానికి పంపాయి. అయితే అవి ప్రత్యేకంగా నిర్మించినవి, నెమ్మదిగా నడిచేవి, ఖరీదైనవి. యుద్ధం ముగియగానే వాటికి గిరాకీ పడిపోయింది.

1920లలో సైన్యానికి నిధులు తగ్గిపోయాయి. మేరీలాండ్ రాష్ట్రంలోని హోలాబర్డ్ సైనిక స్థావరంలో పాత ట్రక్కుల భాగాలతోనే కొత్త నమూనాలను కూర్చి పరీక్షించేవారు. ఈ పనిలో హెరింగ్టన్ సలహాదారుగా పాల్గొన్నాడు. ప్రతి వాహనాన్నీ మొదటి నుండి నిర్మించవలసిన అవసరం లేదని, ఉన్న వాహనానికి కావలసిన భాగాలను చేర్చి కొత్త శక్తిని ఇవ్వవచ్చునని ఈ అనుభవం చూపింది. హెరింగ్టన్ తరువాత చేసిన పనులన్నిటిలోనూ ఈ ఆలోచన కనిపిస్తుంది.

మార్మన్-హెరింగ్టన్ సంస్థ

ఇండియానాపోలిస్‌లోని మార్మన్ కుటుంబం మొదట పిండిమరల యంత్రాలను, తరువాత విలాసవంతమైన కార్లను తయారుచేసేది. 1911లో జరిగిన మొట్టమొదటి ఇండియానాపోలిస్ 500 మైళ్ళ పందెంలో రే హారన్ నడిపి గెలిచిన కారు మార్మన్ సంస్థదే. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం వల్ల ఖరీదైన కార్ల అమ్మకం కుదేలయ్యింది. ఆ పరిస్థితిలో వాల్టర్ మార్మన్ హెరింగ్టన్‌తో చేతులు కలిపాడు. 1931లో ఇద్దరి పేర్లతో కొత్త సంస్థ ఏర్పడింది. మార్మన్ కుటుంబానికి కర్మాగారం, నిపుణులైన పనివారు ఉన్నారు. హెరింగ్టన్‌కు నాలుగు చక్రాల చోదనంలో అనుభవం, సైన్యంలో పరిచయాలు ఉన్నాయి. కార్ల సంస్థ 1933 నాటికి మూతపడింది కానీ కొత్త సంస్థ నిలదొక్కుకుంది.

ఈ సంస్థకు వచ్చిన తొలి ముఖ్యమైన కొనుగోలు సైన్యం నుండే వచ్చింది. విమానాలకు ఇంధనం నింపడానికి 33 నాలుగు చక్రాల చోదక ట్రక్కులను సైన్యం కోరింది. తరువాత సరకు రవాణా ట్రక్కులు, సంచార మరమ్మతు శాలలు, చెడిన వాహనాలను లాగే ట్రక్కులు కూడా సరఫరా చేసింది.

ఎడారి వాహనాలు

1930ల తొలి సంవత్సరాలలో ఇరాక్‌లోని కిర్కుక్ చమురు క్షేత్రాల నుండి మధ్యధరా సముద్ర తీరానికి గొట్టపు మార్గం నిర్మాణమయ్యింది. రోడ్లు లేని ఎడారిలో బరువైన ఉక్కు గొట్టాలను మోయడానికి మార్మన్-హెరింగ్టన్ ఆరు చక్రాల భారీ ట్రక్కులను తయారుచేసి పంపింది. ఈ మార్గం 1934లో పూర్తయ్యింది.

న్యూజీలాండ్‌కు చెందిన నార్మన్ నైర్న్, జెరాల్డ్ నైర్న్ సోదరులు డమాస్కస్ నుండి బాగ్దాదుకు సిరియా ఎడారి మీదుగా ప్రయాణికుల రవాణా నడిపేవారు. వారి కోసం కూడా ఈ సంస్థ ఒక భారీ వాహనాన్ని సిద్ధం చేసింది. ముందు శక్తిమంతమైన ట్రక్కు, దాని వెనుక ప్రయాణికులు కూర్చునే పొడవైన పెట్టె ఉండే ఈ వాహనం సంస్థకు మంచి పేరు తెచ్చింది. అయితే ఇటువంటి వాహనాలు కొద్దిసంఖ్యలోనే అమ్ముడుపోయేవి. వాటిపైనే ఆధారపడి కర్మాగారం నడపడం సాధ్యం కాదు.

ఫోర్డు వాహనాల మార్పిడి

1935లో హెరింగ్టన్ తన సంస్థ మార్గాన్ని మార్చాడు. సొంత ట్రక్కులతో పాటు ఫోర్డు సంస్థ వేల సంఖ్యలో తయారుచేస్తున్న వి-8 ఇంజను ట్రక్కులను తీసుకొని, వాటికి నాలుగు చక్రాల చోదనాన్ని అమర్చి అమ్మడం ప్రారంభించాడు. మొదట ఒకటిన్నర టన్నుల ట్రక్కులను, కొద్దికాలంలోనే అర టన్ను వాహనాలను కూడా మార్చసాగాడు. చిన్న ట్రక్కులు, సామాను చేరవేసే కిటికీలు లేని వ్యానులు, చెక్క శరీరంతో చేసిన స్టేషన్ వ్యాగన్లు, బడి బస్సులు వీటిలో ఉన్నాయి.

ఈ పద్ధతిలోని లాభం స్పష్టమైనది. ఇంజను, గేరుబాక్సు, క్యాబిన్, బ్రేకులు ఫోర్డు నుండి చవకగా దొరికేవి. ఏ ఊరిలో వాహనం చెడినా అక్కడి ఫోర్డు దుకాణంలో చాలా విడిభాగాలు లభించేవి. ఫోర్డు డీలర్ల ద్వారానే ఈ వాహనాలను కొనుక్కునే వీలుండేది.

మార్పిడి విధానం

మామూలు ట్రక్కులో ఇంజను శక్తి క్లచ్చి, గేరుబాక్సుల మీదుగా ఒక పొడవాటి షాఫ్టు ద్వారా వెనుక ఇరుసుకు మాత్రమే చేరుతుంది. ముందు ఇరుసు బరువు మోసే ఒక ఉక్కు దూలం మాత్రమే. దీనిని నాలుగు చక్రాల చోదక వాహనంగా మార్చడంలో ముఖ్యమైన పనులు ఇవి:

* ట్రాన్స్‌ఫర్ కేసు: గేరుబాక్సు వెనుక ఛాసిస్‌కు మరొక గేర్ల పెట్టెను బిగిస్తారు. ఇది వచ్చిన శక్తిని రెండుగా పంచి ఒక షాఫ్టు ద్వారా వెనుకకు, మరొక షాఫ్టు ద్వారా ముందుకు పంపుతుంది. ఈ పెట్టెకు చోటు కల్పించడానికి వెనుకకు పోయే షాఫ్టును కురచ చేయాలి.
* ముందు ఇరుసు: ఉక్కు దూలాన్ని తొలగించి, మధ్యలో డిఫరెన్షియల్ ఉన్న చోదక ఇరుసును అమర్చుతారు. ముందు, వెనుక ఇరుసులలోని గేర్ల నిష్పత్తి సమానంగా ఉండాలి. లేకపోతే ముందు చక్రాలు ఒక వేగంతో, వెనుక చక్రాలు మరొక వేగంతో తిరగడానికి ప్రయత్నించి యంత్రభాగాలు విరిగిపోతాయి.
* చక్రాల కీళ్ళు: ముందు చక్రాలు శక్తితో తిరగాలి, అదే సమయంలో పక్కలకు మళ్ళాలి. సాధారణ కీలు వంగినపుడు చక్రం ఒక్కొక్క చుట్టులోనే వేగం హెచ్చుతగ్గులవుతూ అదురుతుంది. వంగినా వేగం మారకుండా తిరిగే కీళ్ళు ఇక్కడ అవసరం. ఆల్ఫ్రెడ్ జెప్పా 1920లలో రూపొందించిన ఉక్కు గుండ్ల కీలు ఇటువంటి వాటిలో ప్రసిద్ధమైనది.
* కమాను కట్టలు, ఛాసిస్: చోదక ఇరుసు బరువైనది, పరిమాణంలో పెద్దది. అది పైకి లేచినపుడు ఇంజను అడుగుభాగానికి తగలకుండా వాహనం ముందు భాగాన్ని ఎత్తాలి. కమాను కట్టలను, అవి ఛాసిస్‌కు బిగిసే చోట్లను బలపరచాలి. స్టీరింగు కడ్డీలను కూడా కొత్త ఎత్తుకు తగినట్లు మార్చాలి.

వాహనం మలుపు తిరిగేటపుడు ముందు చక్రాలు వెనుక చక్రాలకంటె ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి. బురదలో, ఇసుకలో చక్రం కొద్దిగా జారి ఈ తేడాను సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద జారడానికి వీలుండదు కాబట్టి టైర్లు అరిగిపోతాయి, గేర్లపై ఒత్తిడి పెరుగుతుంది. అందుచేత మంచి రోడ్డుపై ముందు ఇరుసుకు శక్తిని నిలిపివేయడానికి డ్రైవరు పక్కన ఒక మీట ఉండేది.

ఈ పనిని ఒక మెకానిక్కు తన షెడ్డులో ఒక వాహనానికి చేయగలడు. హెరింగ్టన్ ప్రత్యేకత దీనిని కర్మాగారపు పనిగా మార్చడంలో ఉంది. ఒకే కొలతలతో భాగాలను ముందుగానే తయారుచేసి, ఏ ఫోర్డు ట్రక్కు వచ్చినా ఒకే క్రమంలో బిగించే ఏర్పాటు చేశాడు. భాగాలను పెట్టెలలో సర్ది ఇతర దేశాలకు పంపి అక్కడే బిగించుకొనే వీలు కూడా కల్పించాడు. యుద్ధకాలంలో దీని విలువ బయటపడింది. అయితే మార్పిడి జరిగిన వాహనం వెల మామూలు ఫోర్డు వెలకంటె చాలా ఎక్కువగా ఉండేది. అందువల్ల సైన్యాలు, చమురు సంస్థలు, గనులు, అటవీ శాఖలు, విద్యుత్తు, టెలిఫోను సంస్థల వంటి తప్పనిసరి అవసరం ఉన్నవారే ఎక్కువగా కొనేవారు.

జీపుతో సంబంధం

1936-37 నాటికే మార్మన్-హెరింగ్టన్ అర టన్ను ఫోర్డు వాహనాన్ని నాలుగు చక్రాల చోదనంతో తయారుచేసి అమెరికా సైన్యానికి చూపింది. చిన్న వాహనం కూడా రోడ్డు లేని చోట నడవగలదని సైనికాధికారులకు దీనివల్ల నమ్మకం కలిగింది. ఈ కారణంగా దీనిని జీపుకు తాత అని కొందరు వాహన చరిత్రకారులు వ్యవహరిస్తారు. హెరింగ్టన్‌ను జీపు సృష్టికర్తగా పేర్కొనే రచనలు కూడా ఉన్నాయి.

వాస్తవానికి జీపు ఒక్కరి సృష్టి కాదు. 1940 జులైలో సైన్యం ఒక తేలికపాటి వాహనం కావాలని 135 సంస్థలను కోరింది. పెన్సిల్వేనియాలోని చిన్న సంస్థ అయిన అమెరికన్ బాంటమ్ తరఫున కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు దీని నమూనాను గీశాడు. బాంటమ్ తయారుచేసిన తొలి వాహనం 1940 సెప్టెంబరు 23న హోలాబర్డ్ స్థావరానికి చేరింది. తరువాత విల్లీస్, ఫోర్డు సంస్థలు తమ నమూనాలను ఇచ్చాయి. చివరకు స్థిరపడిన రూపంలో ఈ మూడింటి పాలూ ఉంది. యుద్ధం ముగిసేనాటికి ఆరు లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి. వాటిలో అత్యధిక భాగం విల్లీస్, ఫోర్డు కర్మాగారాలలో తయారైనవే. హెరింగ్టన్ అర టన్ను వాహనం సైన్యం కోరిన తేలికపాటి వాహనం కంటె చాలా బరువైనది. కాబట్టి జీపు రూపకల్పన ఇతనిది అనడం సరికాదు. జీపును కోరే స్థితికి సైన్యాన్ని తీసుకువచ్చిన వారిలో ఇతడు ముఖ్యుడు అనడం సమంజసం.

రెండవ ప్రపంచ యుద్ధం

దక్షిణాఫ్రికా ప్రభుత్వానికి యుద్ధారంభంలో కవచ వాహనాలు దాదాపు లేవు, వాటిని తయారుచేసే కర్మాగారాలూ లేవు. కెనడా నుండి ఫోర్డు ట్రక్కుల ఛాసిస్‌లను, మార్మన్-హెరింగ్టన్ నుండి నాలుగు చక్రాల చోదన భాగాలను తెప్పించి, స్వదేశంలో తయారైన ఉక్కు పలకలతో వాటిపై కవచం నిర్మించారు. మొదటి నమూనాకు వెనుక చక్రాల చోదనమే ఉండేది, రెండవ నమూనా నుండి నాలుగు చక్రాల చోదనం వచ్చింది. ఈ వాహనాలు మొత్తం 5,746 తయారయ్యాయి. ఉత్తర ఆఫ్రికా ఎడారి యుద్ధంలో బ్రిటిష్, కామన్వెల్తు సేనలు గస్తీ పనులకు వీటిని విరివిగా వాడాయి. వీటి కవచం పలుచనిది, ఆయుధాలు తక్కువ. అందుచేత సైనికులు శత్రువుల నుండి పట్టుకున్న ఫిరంగులను వీటిపై అమర్చుకొనేవారు. తన కర్మాగారానికి ఎంతో దూరంలో, ఇతరులు నిర్మించిన ఈ వాహనం వల్లనే హెరింగ్టన్ పేరు అమెరికా వెలుపల ఎక్కువగా తెలిసింది.

సొంతంగా రూపొందించిన ట్యాంకుల విషయంలో సంస్థకు అంత అదృష్టం కలిసిరాలేదు. డచ్చి ఈస్టిండీస్ కోసం తేలికపాటి ట్యాంకులు తయారుచేస్తుండగానే 1942 మార్చిలో జావా జపానుకు లొంగిపోయింది. మిగిలిన ట్యాంకులను అమెరికా సైన్యం, ఇతర మిత్రదేశాలు పంచుకోవలసి వచ్చింది. గ్లైడరులో తీసుకువెళ్ళడానికి రూపొందించిన ఎం-22 లోకస్ట్ అనే చిన్న ట్యాంకులు 830 తయారయ్యాయి. అవి సిద్ధమయ్యేనాటికి దాని 37 మిల్లీమీటర్ల ఫిరంగి, పలుచని కవచం శత్రు ట్యాంకుల ముందు చాలవని తేలింది. అమెరికా సేనలు వాటిని యుద్ధంలో వాడనే లేదు. 1945 మార్చిలో రైన్ నది దాటిన సందర్భంగా బ్రిటిష్ వైమానిక దళాలు మాత్రం కొన్నింటిని హామిల్కార్ గ్లైడర్లలో దింపాయి.

1942లో హెరింగ్టన్ అమెరికా వాహన ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నాడు.

భారతదేశ పర్యటన

1942 వసంతంలో జపాను సేనలు బర్మాలో ముందుకు చొచ్చుకు వస్తున్నాయి. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను విమానాలు బాంబులు వేశాయి. క్రిప్స్ రాయబారం నడుస్తున్న ఆ రోజులలోనే భారతదేశంలో యుద్ధ సామగ్రి ఉత్పత్తిని ఎలా పెంచవచ్చునో పరిశీలించడానికి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టు ఒక సాంకేతిక బృందాన్ని పంపాడు. హెన్రీ గ్రేడీ దీనికి అధ్యక్షుడు. హెరింగ్టన్, హ్యారీ బైస్టర్, డర్క్ డెక్కర్ సభ్యులు. దీనిని గ్రేడీ బృందం అని కూడా అంటారు.

ఈ బృందం దేశంలోని ప్రధాన పారిశ్రామిక కేంద్రాలను సందర్శించింది. కర్మాగారాల విస్తరణకు, రైల్వేల సామర్థ్యం పెంపునకు సిఫారసులు చేసింది. భారతదేశంలో అప్పటికి మోటారు వాహనాలను విదేశీ భాగాలతో బిగించడమే తప్ప పూర్తిగా తయారుచేసే పరిశ్రమ లేదు. కెనడా నుండి వచ్చిన ఫోర్డు ఛాసిస్‌లపై కవచం అమర్చి టాటానగర్ అనే పేరుతో వాహనాలను భారతదేశంలోనూ తయారుచేశారు. ఇది దక్షిణాఫ్రికాలో అనుసరించిన పద్ధతి వంటిదే. గ్రేడీ బృందం సిఫారసులు మాత్రం చాలావరకు అమలుకాలేదు. యంత్రాలకు, ఓడలకు కొరత ఉన్నందున ఆ సామగ్రిని భారతదేశానికి కేటాయించడానికి అమెరికా సైనిక నాయకత్వం సుముఖత చూపలేదు.

యుద్ధానంతరం

యుద్ధం ముగియగానే సైనిక కొనుగోళ్ళు ఆగిపోయాయి. సంస్థను నిలబెట్టడానికి హెరింగ్టన్ రెండు కొత్త మార్గాలు పట్టాడు. మొదటిది విద్యుత్తు తీగల సాయంతో నడిచే ట్రాలీ బస్సులు. 1946 నుండి 1959 వరకు ఇటువంటివి 1,624 తయారయ్యాయి. చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో వంటి నగరాలు వీటిని కొన్నాయి. రెండవది ముందు చక్రాల చోదనంతో ఇళ్ళకు సరుకులు అందించే డెలివాన్ వ్యాను.

ఫోర్డు మార్పిడి కూడా కొనసాగింది. 1948లో ఫోర్డు ఎఫ్ వరుస ట్రక్కులు వచ్చిన తరువాత ఎఫ్-1 వ్యానును తీసుకొని రేంజర్ అనే వాహనాన్ని రూపొందించారు. సామాను వ్యాను పక్కభాగాలకు కిటికీలు పెట్టి, లోపల ప్రయాణికులకు సీట్లు అమర్చి, అడుగున ట్రక్కు ఛాసిస్‌కు నాలుగు చక్రాల చోదనం కల్పించారు. యుద్ధానికి ముందు మార్చిన స్టేషన్ వ్యాగన్ల శరీరం చెక్కతో చేసినది, ఎగుడుదిగుడు దారిలో దాని కీళ్ళు వదులయ్యేవి. రేంజర్ శరీరం పూర్తిగా ఉక్కుది. ట్రక్కు దృఢత్వం, ఇంటిల్లిపాదీ కూర్చునే చోటు ఒకే వాహనంలో కలిసిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి. తరువాతి కాలంలో ఎస్.యు.వి. అనే పేరుతో ప్రపంచమంతా వ్యాపించిన వాహనాల లక్షణం ఇదే.

అయితే ఈ రంగంలో పోటీ పెరిగింది. డాడ్జ్ సంస్థ 1946లో పవర్ వ్యాగన్‌ను, విల్లీస్ సంస్థ 1949లో నాలుగు చక్రాల చోదక స్టేషన్ వ్యాగన్‌ను తెచ్చాయి. షెవర్లే 1957లో, ఫోర్డు 1959లో తమ చిన్న ట్రక్కులకు కర్మాగారంలోనే నాలుగు చక్రాల చోదనం అమర్చసాగాయి. దీనితో బయటి సంస్థ చేత మార్పిడి చేయించుకోవలసిన అవసరం తగ్గిపోయింది. హెరింగ్టన్ ఇరవై ఏళ్ళకు పైగా ప్రచారం చేసిన ఆలోచనను పెద్ద సంస్థలు స్వీకరించాయి, కానీ ఆ స్వీకరణ వల్లనే ఇతని వ్యాపారం దెబ్బతిన్నది.

యుద్ధానంతర సంవత్సరాలలో హెరింగ్టన్ అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ పందేల మండలికి అధ్యక్షుడుగా కూడా పనిచేశాడు. ఇండియానాపోలిస్ పందెం నిర్వహణ అప్పట్లో ఈ మండలి ఆధ్వర్యంలో జరిగేది. 1955లో జరిగిన ఘోర ప్రమాదాల అనంతరం ఆ సంఘం మోటారు పందేల నుండి తప్పుకుంది.

చివరి సంవత్సరాలు

1960ల తొలి సంవత్సరాలలో మార్మన్-హెరింగ్టన్ సంస్థ చికాగోకు చెందిన ప్రిట్జ్‌కర్ కుటుంబం అధీనంలోకి వెళ్ళింది. తరువాత పూర్తి ట్రక్కుల తయారీ ఆగిపోయి, చోదక ఇరుసులు, ట్రాన్స్‌ఫర్ కేసుల తయారీ, ట్రక్కుల మార్పిడి మాత్రమే మిగిలాయి. మార్మన్ పేరుతో వేరొక సంస్థ టెక్సాస్‌లో 1997 వరకు భారీ ట్రక్కులను తయారుచేసింది. హెరింగ్టన్ 1970 సెప్టెంబరు 6న తన 79వ ఏట మరణించాడు.

ప్రాముఖ్యత

హెరింగ్టన్ నాలుగు చక్రాల చోదనాన్ని కనిపెట్టలేదు. ప్రత్యేక వాహనాలకే పరిమితమై ఉన్న ఆ సదుపాయాన్ని మామూలు ట్రక్కుకు, వ్యానుకు చేర్చడమే ఇతడు చేసిన పని. ప్రిట్జ్‌కర్ కుటుంబపు వ్యాపార సముదాయం మార్మన్ గ్రూపు అనే పేరుతో పెరిగి పెద్దదయ్యింది. 2008లో అందులో అధిక భాగాన్ని వారెన్ బఫెట్ నాయకత్వంలోని బెర్క్‌షైర్ హాథవే కొనుగోలు చేసింది. ఆ సముదాయం పేరులో మార్మన్ మిగిలాడు కానీ హెరింగ్టన్ లేడు. ఇతని పేరు లూయీవిల్ నగరంలో ఇరుసులు తయారుచేసే పాత సంస్థ పేరులో మిగిలింది. ఈ సంస్థ మార్చిన 1930ల నాటి ఫోర్డు స్టేషన్ వ్యాగన్లు చాలా తక్కువగా మిగిలి ఉన్నందున, పాత వాహనాల సేకర్తలు వాటిని అపురూపమైనవిగా భావిస్తారు.